దగ్గరంటే ఎంత దూరం?

కంటి పరీక్షల ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వనపర్తిలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. వెతుక్కోవడమనే అనాలి. మా చిరునామాలో ‘నియర్ వాటర్ ట్యాంక్’ అని ఉంటుంది. ఆ ట్యాంకును కూల్చేసి చాలా కాలమైంది. ట్యాంకు పోయినా ‘నియర్’ మాత్రం మిగిలింది. పాపం వాళ్లు వీధివీధీ తిరిగి, చెమట తుడుచుకుంటూ నా ముందు కూచుని, ఈ ఉద్యోగంలో ముఖ్యంగా ఏం తెలుసుకోవాలి సార్ అని అడుగుతారు. మీరు ఇందాక పడ్డ తిప్పలే మొదటి పాఠం అంటాను. నేను ఎగతాళి చేస్తున్నాననుకుంటారు. కొంచెం చేస్తాను కూడా. కానీ ఆ మాట నిజం.

నేను డాక్టరును కాను. ఆప్తాల్మిక్ అసిస్టెంటును. ఆపరేషన్లు చేసేది డాక్టరు. చూపు పరీక్షించి, అద్దాల నంబరు రాసేది మేము. ఊళ్లలో నా పేరెవరికీ తెలియదు. ‘కండ్లద్దాల సారు’ అంటే అందరికీ తెలుసు. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల సర్కారు దవాఖానల్లో పనిచేశాను. దవాఖానలో కూచున్న దానికన్నా బడి వరండాల్లో, పంచాయతీ ఆఫీసు అరుగుల మీద క్యాంపులు పెట్టుకుని కూచున్నదే ఎక్కువ. ప్రమోషన్లు, బదిలీల గోల ఇక్కడ రాయను. అది ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. మన ఉద్యోగంలో మాత్రమే ఉండేది ఒకటుంది, అది చెప్తాను.

చీటీ మీద రెండు గడులు

మన చీటీ మీద రెండే గడులు. ఒకటి ‘డిస్టెన్స్’, రెండోది ‘నియర్’. దూరం గడితో పేచీ లేదు. గోడకు అక్షరాల చార్టు కడతాం, ఇరవై అడుగుల అవతల మనిషిని కూచోబెడతాం. గోడ కదలదు, కుర్చీ కదలదు. చిక్కంతా ‘నియర్’ దగ్గరే.

శిక్షణలో మాకు పాఠం చెప్పిన సారు పట్నం మనిషి. నియర్ అన్నా, క్లోజ్ అన్నా, నియర్‌బై అన్నా అన్నీ ఒకటే, తెలుగులో ‘దగ్గర’ అని అడగండి, పని అయిపోతుంది అన్నాడు. మేమూ బుద్ధిగా రాసుకున్నాం. ఉద్యోగంలో చేరాక తెలిసింది, మా దిక్కున ఆ ఒక్క మాటకు ఎన్ని మాటలున్నాయో. ఒకరు ‘నా తాన’ అంటారు, ఒకరు ‘నా కాడ’ అంటారు. గద్వాలలో ముసలి సాయిబు ‘నజ్దీక్‌ది అవుపడ్త లేదు’ అంటాడు. రాయచూరు నుంచి కోడలుగా వచ్చిన పిల్ల ‘హత్తిర’ అంటుంది. కొందరు మాటే వాడరు, చెయ్యి చాపి చూపిస్తారు. చీటీలో మాత్రం అందరికీ ఒకటే నియర్.

ఇక దారి అడిగితే చెప్పే ‘దగ్గర’ సంగతి వేరు. మొదటిసారి తెలకపల్లి మండలంలో ఒక ఊరికి క్యాంపుకు పోతూ, బస్సు దిగి, ఆ ఊరెంత దూరమని ఒక రైతును అడిగాను. ‘‘గీడ్నే సారు, దగ్గర్నే’’ అన్నాడు. అద్దాల పెట్టె భుజాన వేసుకుని నడిచాను. ఎండలో నడిచి నడిచి, చెప్పు తెగి, చివరకు ఊరు చేరేసరికి అదే రైతు ఎడ్లబండి మీద నా వెనకాలే వచ్చి దిగాడు. బండి ఎక్కించుకోకపోయావా అంటే, దగ్గర్నే గదా సారు, నడుస్తావనుకున్న అన్నాడు. అతను అబద్ధమేం చెప్పలేదు. రోజూ నడిచేవాడికి అది దగ్గరే. ఆ రోజు కోపమొచ్చింది గానీ, తరవాత తలుచుకుని చాలాసార్లు నవ్వుకున్నాను.

చదువు రానివాడికి దగ్గర ఎందుకు?

మాకంటే ముందు చేరినవాళ్ల నుంచి మాకొక అలవాటు అంటుకుంది. నలభై దాటిన మనిషి వస్తే ముందు చదువొచ్చా అని అడగడం. రాదంటే ‘నియర్ అవసరం లేదు’ అని రాసి పంపడం. పనీ త్వరగా తెమిలేది, అద్దాలూ మిగిలేవి. దగ్గర చూపంటే పేపరు చదవడమే అన్నట్టు ఉండేది మా వ్యవహారం.

తెలకపల్లిలో ఏసన్న అని ఒకాయన ఉండేవాడు. వయసులో ఉన్నంతకాలం మట్టి పనికి ఊళ్లు పట్టుకుని తిరిగినవాడు. ఎన్నో డ్యాములకు, రోడ్లకు తట్ట మోశాడు. ఇక చాతకాక ఊరికి వచ్చి, ఒక్కడే వండుకు తింటున్నాడు. చదువు రాదన్నాడు. అవసరం లేదని చీటీ రాసిస్తే ఆయన లేవలేదు.

‘‘సదువు రాకుంటే అన్నంల రాయి ఏరుకోవద్దా సారు? కాలికి ముల్లు దిగితే దాన్ని తీయనీకి పక్కింటామెను బతిలాడుతున్న. సిగ్గయితున్నది’’ అన్నాడు.

పెట్టెలో నుంచి అద్దాలు తీసి పెట్టాను. అందరూ ముందు చార్టు చూస్తారు. ఏసన్న తన అరచేయి చూసుకున్నాడు. తిప్పి తిప్పి చూసి, ‘‘గిన్ని గీతలున్నయా నా చేతుల!’’ అని చిన్న పిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూశాక నేను చదువొచ్చా అని అడగడం మానేశాను. ఇంట్లో ఏం పని చేస్తావు అని అడగడం మొదలుపెట్టాను. మీరూ అదే అడగండి. చీటీలో ఆ ప్రశ్న ఉండదు. అయినా అడగండి.

ముప్పావు మూర తాడు

దగ్గర చూపు పరీక్షించే చిన్న చార్టుకు ఒక తాడు కట్టి ఉండేది. ఆ తాడు ముప్పావు మూర. దాని కొస మనిషి కంటి దగ్గర పెట్టి, చార్టు అంత దూరంలో పట్టుకుని పరీక్షించాలి. పుస్తకం పట్టుకునే దూరమన్న మాట.

ఆ తాడు దగ్గర మా పెద్ద సారు మహా నిక్కచ్చి. అప్పట్లో గద్వాలలో నాకు పై అధికారి, కళ్ల డాక్టరు. మంచి చెయ్యి ఆయనది. ఆపరేషన్ చేస్తే మర్నాడే ముసలమ్మలు మనవళ్లను పోల్చుకునేవారు. కానీ అద్దాల విషయంలో ఆయనకు రెండే సూత్రాలు. వయసును బట్టి నంబరు రాయి, కనబడలేదంటే నంబరు పెంచు. క్యాంపులో జనం విరగబడి వచ్చేవారు కాబట్టి ఆ సూత్రాలు మాకూ హాయిగానే ఉండేవి. నూటికి తొంభై మందికి సరిపోయేవి కూడా. ఉన్నమాట చెప్పాలి.

సరిపోనివాళ్లలో జములమ్మ ఒకతె.

గద్వాల నేతమనిషి. నలభై ఎనిమిదేళ్లుంటాయి. భర్త తిమ్మప్ప, ఆమె కలిసి ఒకే మగ్గం నేస్తారు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగును పోగుతో మెలివేసి కలుపుకుంటూ పోవాలి. దాన్ని కుట్టు అంటారు. రెండు వైపులా అంచులు కాబట్టి ఇద్దరు మనుషులు కావాలి, ఒక కొసన ఆమె, ఒక కొసన ఆయన. ఒకరి చూపు తప్పితే ఇద్దరి పనీ ఆగిపోతుంది.

ఆమె మొదటిసారి క్యాంపుకు వచ్చినప్పుడు తాడు పెట్టి చూశాను. వయసు నంబరు రాశాను. చార్టు గడగడా చదివింది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చి, అద్దాలు పెడితే మగ్గం మీద మసక మసకగా ఉంది, కళ్లు తిరుగుతున్నాయి అంది. పెద్ద సారు సూత్రం ప్రకారం నంబరు పెంచాను. చార్టు ఇంకా బాగా చదివింది. ఇక ఢోకా లేదనుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు వరసలో నిలబడలేదు. నేరుగా నా బల్ల దగ్గరకు వచ్చి, గుడ్డలో చుట్టిన అద్దాల జతలు రెండూ పెట్టింది. మామూలుగా సర్కారు ఇచ్చిన వస్తువు పనికిరాకపోతే మనవాళ్లు అటక మీద పడేస్తారు. ఈమె తుడిచి మరీ తెచ్చింది.

‘‘ఇవి తీస్కో సారు. ఇంకెవరికన్న వనికొస్తయ్. మేం మగ్గం తీసేస్తున్నం’’ అంది.

విషయం అప్పుడు తెలిసింది. ఆమె వైపు కుట్టులో సందులు పడుతున్నాయని షావుకారు చీరలు వెనక్కిచ్చేశాడట. ఇంకొక్క చీర అలా వస్తే పడుగు నూలు ఇవ్వనన్నాడట. తిమ్మప్ప బావమరిది హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ పని చూపెట్టాడు. మెట్ల కింద గది ఇస్తారు, ఆమె నాలుగిళ్లలో అంట్లు తోముకోవచ్చు. వచ్చే అమావాస్య దాటాక ప్రయాణం. మా కండ్లు గంతే ఉన్నయేమో సారు అని, నమస్తే పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమంతా నాకు మనసు మనసులో లేదు. ఆ కళ్లలో శుక్లం లేదు, జబ్బు లేదు. చార్టు చదివే కళ్లు మగ్గం ఎందుకు చూడలేవు? ఇంటికి పోయి చూస్తానంటే తోటి ఉద్యోగి ఒకడు, కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నా, వాళ్లే పోతామంటుంటే అన్నాడు. అదీ నిజమే. కానీ దురద పుట్టింది, ఏం చేస్తాం.

మగ్గం దగ్గర

మర్నాడు పని ముగించుకుని వెళ్లాను. గుమ్మం పక్కన ఎర్రమొరం కుప్ప పోసి ఉంది. ఎందుకని అడిగితే, మగ్గం గుంట పూడ్చనీకి అన్నాడు తిమ్మప్ప. గుంట మగ్గమంటే నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించి, అంచున కూచుని నేస్తారు. ఆ గుంట పూడ్చి, బండలు పరిచి, గదిని అద్దెకిచ్చి పోతారట. మగ్గం మీద చివరి చీర సగంలో ఉంది.

జర కూచుని నేసి చూపమ్మా అని అడిగాను. అవి పెట్టుకునే నేయమని రెండో జత తిరిగి ఆమె చేతికిచ్చాను. ఆమె కూచుని, అడ్డపోగును తీసుకుపోయే నాడె విసరగానే నాకు సంగతి అర్థమైంది. ఆ అద్దాలు చూపు తేటపరిచే చోటు ముప్పావు మూర దూరంలో ఉంది. బట్ట అంతకంటే బాగా అవతల ఉంది. అందుకని ఆమె నడుం వంచి, మెడ చాచి, ముఖాన్ని బట్ట మీదకు తీసుకుపోతోంది. వంగితే పోగు కనబడుతుంది, కానీ చెయ్యి ఆడదు. నిటారుగా కూచుంటే చెయ్యి ఆడుతుంది, కానీ పోగు కనబడదు. నంబరు పెంచిన కొద్దీ ఆ తేట చోటు ఇంకా కంటి వైపు జరుగుతుంది. అంటే రెండోసారి ఇచ్చిన అద్దాలతో ఆమె ఇంకా వంగవలసి వచ్చింది. పుస్తకం చదివే మనిషి అద్దాలు తెచ్చి నేసే మనిషికి పెట్టాం. అంతే జరిగింది.

అమ్మా, ఇన్నాళ్లూ ఏ బాధా లేనప్పుడు ఎలా కూచునేదానివో అలా కూచో, అన్నాను. కూచుంది. నా జేబులో చార్టు తాడు ఉంది గానీ అది చాలదు. ఆమెకు ఎక్కడ తోచిందో, పక్కనున్న కండె నుంచి నూలు లాగి, ఒక కొస తన కంటి మూలన పట్టుకుని, రెండో కొస బట్ట మీద కుట్టు దగ్గర ఆనించింది.

‘‘నాకు గింత దూరముంటది సారు, దగ్గర అంటే’’ అంది.

ఆ నూలు తెంపి జేబులో వేసుకున్నాను. మర్నాడు అద్దాల ట్రయల్ పెట్టె మోసుకుని మళ్లీ వెళ్లాను. ఆ నూలు దూరానికి సరిచూసుకుంటూ నంబరు తగ్గించుకుంటూ వచ్చాను. ఒక అద్దం దగ్గర ఆమె వీపు దానంతటదే నిటారైంది. కనబడుతోందా అని అడిగితే నాడె విసిరింది. మళ్లీ విసిరింది. పోగు మెలేసింది. తల ఎత్తకుండానే అవతలి కొసనున్న భర్త అంచు వైపు చూసింది.

‘‘ఏందది? నీ దిక్కు కుట్టు వదులైతున్నది. జర గట్టిగ గుంజు’’ అంది.

తిమ్మప్ప ముఖం చూడాలి మీరు. పెళ్లాం తిట్టినందుకు అంత సంబరపడ్డ మొగుణ్ని నేనెక్కడా చూడలేదు. ‘‘చాన్నాళ్లయింది సారు, గిట్ల తిట్టక’’ అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోవడమెందుకు.

పెద్ద సారుతో పేచీ

నంబరు తగ్గించి రాసిన చీటీ మీద పెద్ద సారు సంతకం పెట్టలేదు. వయసుకు ఇంత తక్కువ నంబరేమిటి అన్నాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని దెప్పాడు కూడా. వాదిస్తే ఆయన ఇంకా బిగుసుకుంటాడని తెలుసు.

ఆయన బల్ల మీద కంప్యూటరు కొత్తగా వచ్చిన రోజులవి. చదువుకునే అద్దాలు పెట్టుకుని, తెర మీదకు మెడ చాచి, ఏదో వెతుక్కుంటున్నాడు. సార్, మెడ నొప్పి ఎలా ఉంది అని అడిగాను. చాలా రోజులుగా మెడకు పట్టీ వేసుకుని తిరుగుతున్నాడాయన. అడిగిన వెంటనే ఆయన చెయ్యి మెడ మీదకు పోయింది, అక్కడే ఆగింది. తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వాడు.

సంతకం పెట్టి, ఇకముందు నంబరు మార్చితే కారణం కూడా రాయి అన్నాడు. అందుకని జములమ్మ చీటీలో ‘నియర్’ గడి పక్కన ‘మగ్గం’ అని రాశాను. నా ఉద్యోగంలో ఆ గడి పక్కన రాసిన మొదటి మాట అది. తరవాత చాలా చేరాయి. పత్తి విత్తనాల చేలల్లో మొగ్గ గిల్లి పుప్పొడి అద్దే ఆడవాళ్లకు ‘పత్తి పువ్వు’ అని రాశాను. ‘చాట’ అని, ‘కుట్టు మిషన్’ అని, చర్చిలో పాటలు పాడే ఆయనకు ‘పాటల పుస్తకం, నిలబడి’ అని రాశాను. శిక్షణలో చెప్పిన క్లోజ్, నియర్‌బైల కన్నా ఇవి నాకెక్కువ పనికొచ్చిన పర్యాయపదాలు.

పెద్ద సారు చేసిన మంచి పని ఇంకొకటుంది. ఆ యేడు నుంచే నేతవాళ్ల వీధుల్లో క్యాంపు బల్ల వరండాలో వేసినా, దగ్గర చూపు మాత్రం మగ్గం ముందే చూడాలని పెట్టాడు. పనికి రెట్టింపు సమయం పట్టేది. జనం గొణిగేవారు, మేమూ గొణిగేవాళ్లం. పై అధికారుల్లో తప్పు చేయనివాడు మీకు దొరకడు. తన మెడ నొప్పిని చూసి నవ్వుకోగలిగినవాడు దొరికితే వదులుకోకండి.

మొరం కుప్ప

అద్దాలు తయారై వచ్చాక ఇవ్వడానికి నేనే వెళ్లాను. అప్పటికి అమావాస్య దాటింది. ఇల్లు తాళం వేసి ఉంటుందేమోనని దారంతా భయమే. దూరపు కొండలు నునుపు, హైదరాబాదు పని ఒకసారి మనసుకెక్కితే వెనక్కి లాగడం కష్టం.

వీధి మలుపు తిరగగానే మగ్గం చప్పుడు వినబడింది. గుమ్మం పక్కన మొరం కుప్ప లేదు. ఆ చప్పుడు పక్కింటిదేమో, వీళ్ల గుంట పూడ్చేశారేమో అనుకున్నాను. లోపలికి తొంగిచూస్తే గుంట గుంటలాగే ఉంది, ఇద్దరూ చెరొక కొసన ఉన్నారు. అద్దాలు వచ్చేదాకా ఉండనీ అని, పరీక్ష అద్దాలు బిగించిన ట్రయల్ ఫ్రేమును ఆ రోజు ఆమె దగ్గరే వదిలిపోయాను, దాన్నే దారంతో తలకు కట్టుకుని నేస్తోంది జములమ్మ. మరి మొరం ఏం చేశావయ్యా అంటే, తిమ్మప్ప బయటికి చెయ్యి చూపాడు. వాన పడితే నీళ్లు నిలిచే గుంత ఒకటి వీధిలో ఉండేది. దాన్ని పూడ్చి చదును చేశాడు. సగంలో ఉన్న చీర పూర్తయింది, షావుకారు తీసుకున్నాడు, పడుగు నూలు ఇచ్చాడు. బావమరిదికి రామని ఫోను చేశారు.

నేను రిటైరయ్యాక ఈమధ్య గద్వాల వెళ్లినప్పుడు ఆ వీధిలోకి పోయాను. ఆ రోజే అక్కడ క్యాంపు ఉంది. కొత్తగా చేరిన అమ్మాయి జములమ్మ ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, తాడు కట్టిన చార్టు పట్టుకుని, ‘‘జములమ్మగారూ, ఇటు వచ్చి కూచోండి, దగ్గర చూపు చూస్తాను’’ అని పిలిచింది. నేను అరుగు మీద కూచుని ఉన్నాను. దగ్గర చూపు మగ్గం ముందే చూడాలన్న పెద్ద సారు పద్ధతి ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

లోపల మగ్గం ఆగింది. జములమ్మకు ఇప్పుడు జుట్టు నెరిసింది, నంబరు మళ్లీ మారే వయసు వచ్చింది. ఆమె లేవలేదు. కూచున్నచోటు నుంచే నూలు లాగుతున్న చప్పుడు వినబడింది.

‘‘ఆడికెందుకు బిడ్డా, నువ్వే లోపటికి రా. చెప్పులు ఇడిసి గుంట అంచుకు కూసో’’ అంది.

అమ్మాయి నా వైపు చూసింది. నేను తల ఊపాను. చార్టు కుర్చీలో వదిలి లోపలికి వెళ్లింది. తిమ్మప్ప జరిగి చోటిచ్చాడు. జములమ్మ నూలు ఒక కొస కంటి మూలన పెట్టుకుని, రెండో కొస ఆ పిల్ల చేతిలో పెట్టింది.

‘‘కొస వట్టుకో బిడ్డా. బట్టకు ఆనియ్యి. గిదీ, నా దగ్గర.’’